నీళ్ళడుగున రెండు వారాల కాపురం

పగడం అనగానే మనకు మంగళసూత్రాల పక్కన గుచ్చుకునే ఎర్ర పూసే గుర్తుకొస్తుంది. ఆ జాతి పగడం మధ్యధరా సముద్రం లాంటి చోట్ల పెరుగుతుంది. వెచ్చని సముద్రాల్లో, ఎండ తగిలే లోతులో, లెక్కలేనన్ని చిన్న ప్రాణులు గూళ్ళు కట్టుకుంటూ పోగా తయారయ్యే పగడపు దిబ్బలు వేరు. అక్కడ లోతు తక్కువ, నీళ్ళు తేట. వీపుకు గాలి సిలిండరు తగిలించుకుని మునిగే స్కూబా విద్యకు చాలామంది అక్కడే ఓనమాలు దిద్దుకుంటారు. ఓ ముప్పావుగంట చూసి పైకి వచ్చేస్తారు. చుట్టపుచూపన్నమాట!

అలాంటి చోట ఏకంగా కాపురమే పెట్టిన అయిదుగురు ఆడవాళ్ళ సంగతి నేను ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు.

1943లో ఫ్రాన్సులో కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు కలిసి, మనిషి పీల్చినప్పుడల్లా కావలసినంత గాలిని అందించే సాధనం తయారుచేశారు. దాంతో మనిషికి చేపలా తిరిగే వీలు చిక్కింది. పదేళ్ళ తర్వాత, 1953లో, అమెరికాలో సిల్వియా ఎర్ల్ అనే విద్యార్థిని ఆ సాధనంతో మొదటిసారి సముద్రంలో దిగింది. సముద్రపు నాచు ఆమె చదువు. 1964లో హిందూ మహాసముద్ర పరిశోధనకు వెళ్ళిన ఓడలో డెబ్భైమంది మగవాళ్ళ మధ్య ఆమె ఒక్కతే ఆడమనిషి. మొంబాసా పత్రికకు ఆమె పరిశోధన కంటే ఆ సంగతే పెద్ద వార్తయింది!

కరేబియన్ సముద్రంలో, అమెరికా ఏలుబడిలోని వర్జిన్ దీవుల్లో, సెయింట్ జాన్ అనే చిన్న దీవి వుంది. 1969లో అక్కడి సముద్రంలో దాదాపు యాభై అడుగుల లోతున, అంటే ఓ పెద్ద కొబ్బరిచెట్టంత లోతున, 'టెక్టైట్' అనే యిల్లు దింపారు. మొదట నలుగురు మగవాళ్ళు అందులో దాదాపు అరవై రోజులున్నారు. మరుసటేడు మరికొందరు శాస్త్రజ్ఞులు కావాలన్నారు. సిల్వియా దరఖాస్తు పెట్టింది. ఆడవాళ్ళు రాకూడదని ఎక్కడా రాసి లేదు. ఆడవాళ్ళు అడుగుతారని ఎవరికీ తోచలేదు కనక! అప్పటికే ఆమె వెయ్యి గంటలకు పైగా నీళ్ళలో పనిచేసింది. కాదనడమెలా? ఆడా మగా ఒకే యింట్లో వుండటమా అని తటపటాయించి, చివరికి ఆడవాళ్ళకే వేరే జట్టు కట్టారు.

1970 జూలైలో సిల్వియా, రెనేట్ ట్రూ, ఆన్ హార్ట్‌లైన్, అలీనా స్మాంట్, ఇంజనీరు మార్గరెట్ లూకాస్ ఆ యింట్లో అడుగుపెట్టారు. సిల్వియా అప్పటికి ముగ్గురు పిల్లల తల్లి. యింటి నేలలో సముద్రంలోకి ఒక ద్వారం. చెంబు బోర్లించి ముంచితే నీళ్ళు లోపలికి ఎక్కవు చూడండి, అలాగే లోపలి గాలి ఒత్తిడి సముద్రాన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

అన్ని రోజులు ఆ ఒత్తిడిలో వుంటే ఒంట్లో నత్రజని నిండిపోతుంది. గబుక్కున పైకొస్తే గోలీసోడా కొట్టినట్టే, రక్తంలో బుడగలు లేచి ప్రాణం మీదికొస్తుంది. తలెత్తితే వెలుగు కనిపిస్తూనే వుంటుంది, కాని వెళ్ళడానికి లేదు. తిరిగి రావాలంటే ఒత్తిడి తగ్గించే గదిలో దాదాపు ఒక రోజు గడపాలి.

ఆ రెండు వారాలూ వాళ్ళు గంటల తరబడి నీళ్ళలోనే వున్నారు. పొద్దు వాలగానే చిలకముక్కు చేపలు సందుల్లో దూరి నిద్రపోవడం, రాత్రి తిరిగే చేపలు డ్యూటీ మారినట్టు బయటికి రావడం రోజూ చూశారు. నాచును మేసే చేపలు మేయకపోతే నాచు పగడాన్ని కప్పేస్తుంది. ఏ చేప ఏ నాచు తింటుందో, దేన్ని వదిలేస్తుందో సిల్వియా అక్కడే కూర్చుని గమనించింది. ఒకే జాతి చేపల్లో కూడా ఏది ఏదో గుర్తుపట్టేంత పరిచయమైందట!

పైకొచ్చాక పత్రికలవాళ్ళు ఏమడిగారో తెలుసా? లిప్‌స్టిక్ వేసుకున్నారా, జుట్టు ఎలా ఆరబెట్టుకున్నారు అని! నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. అయినా ఆ సందడి ఊరికే పోలేదు. చికాగోలో ఊరేగింపు, వైట్‌హౌస్‌లో ఆహ్వానం. నలుగురూ వినే అవకాశం దొరికింది కనక సిల్వియా సముద్రం గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. 1979లో హవాయి దగ్గర 1,250 అడుగుల లోతున, ప్రత్యేకమైన కవచంలాంటి దుస్తుల్లో సముద్రపు నేల మీద నడిచింది.

2005లో వర్జిన్ దీవుల సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. ఆ వెనకే తెగులు సోకింది. పరిశీలించిన చోట్ల సగానికి పైగా పగడం పోయింది. కొత్తగా ఈత నేర్చి అక్కడ దిగే పిల్లకు ఇప్పటికీ ఆ చోటు అందంగానే కనిపిస్తుంది. ఒకప్పుడు ఎలా వుండేదో దగ్గరుండి చూసి రాసిపెట్టినవాళ్ళు వుంటేనే కదా, పోయిందేమిటో ఆ పిల్లకు ఎవరైనా చెప్పగలిగేది!