శోథ అనే పేరు, యాంటీబయాటిక్ అనే అలవాటు: దీర్ఘకాలిక ప్రోస్టేట్ బాధకు చికిత్సల చర్చ, ఉరవకొండ నేపథ్యం

దీర్ఘకాలిక ప్రోస్టేట్ శోథకు ఏ చికిత్స సరైనదన్న చర్చలో అసలు చిక్కు మందుల కంటే ముందు ఆ జబ్బుకు పెట్టిన పేరులోనే ఉంది. శోథ అంటే వాపు, వాపు అంటే క్రిమి, క్రిమి అంటే యాంటీబయాటిక్ అన్న వరసలో వైద్యుడి ఆలోచనా, రోగి ఆలోచనా కూడా సాగిపోతాయి. మూత్రాశయం కింద పెద్ద ఉసిరికాయంత ఉండే ఈ గ్రంథి పరిసరాల్లో, అంటే పొత్తికడుపులోను, వృషణాలకూ మలద్వారానికీ నడుమ భాగంలోను నెలల తరబడి నొప్పి ఉండి, మూత్రంలో మంట తోడైతే దానికి ఈ పేరు పెడతారు. అనంతపురం మెట్టలో ఆ మంటనే ‘ఉడుకు చేసింది’ అంటారు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 1995లో రూపొందించిన వర్గీకరణ ప్రకారం ఇందులో నాలుగు రకాలున్నాయి. వాటిలో బాక్టీరియా వల్ల కలిగే దీర్ఘకాలిక శోథ రెండోది కాగా, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా రోగులు చేరేది బాక్టీరియా కనిపించని మూడో రకమైన కటి నొప్పి వర్గంలోనే. ఈ మూడో రకం రోగులు 196 మందిపై జరిగి 2004లో వెలువడిన పరీక్షలో సిప్రోఫ్లోక్సాసిన్ గాని, మూత్రమార్గపు కండరాన్ని సడలించే టామ్సులోసిన్ గాని ఆరు వారాల్లో ఉత్తుత్తి మాత్రను మించిన మేలు చేయలేదు. టామ్సులోసిన్ తరగతికే చెందిన ఆల్ఫుజోసిన్‌ను 2008లో 272 మందిపై పరీక్షించగా, మందు తీసుకున్నవారిలోను, ఉత్తుత్తి మాత్ర మింగినవారిలోను ఉపశమనం పొందినవారి శాతం ఒక్కటే: 49.3.

ఇంత స్పష్టత ఉన్నా సిప్రోఫ్లోక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినోలోన్ మాత్రల కోర్సు మళ్లీ మళ్లీ రాయడం మన దేశంలో మరింత ప్రమాదకరం. ఈ మందులు క్షయ క్రిమిని కూడా కొంతకాలం అణచగలవు కనుక, ప్రోస్టేట్‌లో క్షయ ఉన్న రోగికి తాత్కాలిక ఉపశమనం కలిగి అసలు జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

2009లో ప్రతిపాదించిన యూపాయింట్ పద్ధతి రోగిని ఆరు కోణాల్లో చూడమంటుంది. వాటిలో ఒకటి కటి కండరాల బిగువు. అనంతపురం జిల్లాలోని ఉరవకొండ చేనేతకు ఈ కోణం బాగా అన్వయిస్తుంది. గుంట మగ్గం అంచున కూర్చుని, కాళ్లతో చెక్కలు తొక్కుతూ, నాడె విసురుతూ గంటల కొద్దీ చోటు కదలని నేతగాడికి భారం కటి అడుగు కండరాల మీద పడుతుంది. అతనికి నొప్పి ఉంటే ఆ కండరాలను వేలితో పరీక్షించి, సడలించే వ్యాయామం నేర్పడం మాత్రల చీటీ కంటే ముందు జరగాలి.

ఆయుర్వేద పక్షం సుశ్రుత సంహితలోని వాతాష్ఠీలను ఉదహరించి, అనంతపురం బీళ్లలోనే మొలిచే పల్లేరును మందుగా సూచిస్తుంది. అయితే ఆ గ్రంథంలోని వర్ణన గట్టి గడ్డ అడ్డుపడి మూత్రం నిలిచిపోయే స్థితికి సంబంధించినది. దాన్ని ప్రోస్టేట్ పెరుగుదలకు అన్వయించవచ్చు గాని, పెరుగుదల లేని ఈ నొప్పికి అన్వయించడం తొందరపాటు.

తీవ్రమైన జ్వరం లేని రోగి విషయంలో, గ్రంథిని నొక్కకముందు ఒక సీసాలోను, నొక్కిన తరవాత మరో సీసాలోను మూత్రం పట్టి రెంటినీ సూక్ష్మదర్శిని కింద చూసి, కల్చర్ చేస్తే బాక్టీరియా గ్రంథిలో ఉన్నదీ లేనిదీ చాలావరకు తేలుతుంది. దానికి కావలసింది రెండు శుభ్రమైన సీసాలు, ఒక సాధారణ ప్రయోగశాల. ఆ ఫలితం చేతికి రాకముందే యాంటీబయాటిక్ రెండో కోర్సు రాయడానికి వైద్యపరంగా సమర్థన లేదు.