శంఖము, శాలగ్రామము: రెండు సుడుల పూర్వచరిత్ర

ఆలయ జీర్ణోద్ధరణ సాగుచున్న దినములలో ఒక దాత ఎంతో వ్యయమునకోర్చి దక్షిణావర్త శంఖమును కొని తెచ్చిరి. చేతికి తీసుకొని దాని నోటిలోనికి చూచితిని. నడిమి స్తంభము నున్నగా ఉన్నది. అది శంఖము కాదని చెప్పుటకు మనసు రాలేదు, కాని చెప్పక తప్పలేదు.

మనము పూరించు శంఖము ఒక సముద్రపు నత్త కట్టుకొనిన ఇల్లు. మన్నారు, కచ్ సింధుశాఖలు, సింహళ తీరము దానికి నెలవులు. ద్వారక సమీపమున నాగేశ్వర్ అను చోట సుమారు 4,500 ఏండ్ల నాటి హరప్పా కాలపు శంఖకారుల పనిస్థలము బయల్పడినది. గాజులు కోయగా మిగిలిన తునకలు అచట విస్తారముగా దొరకినవి. తరువాతి కాలమున తూత్తుకుడి శంఖములు ఓడలపై వంగదేశమునకు పోయి, సువాసినుల చేతి గాజులైనవి. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1914లో ఈ శంఖమును గూర్చి ప్రత్యేక గ్రంథమే వెలువరించెను.

శంఖము ముక్కును పైకి ఉంచి, నోటిని మనవైపు త్రిప్పినపుడు, ఆ నోరు కుడిప్రక్కకు వచ్చినచో దక్షిణావర్తము. ఇది అత్యంత అరుదు. (జీవశాస్త్రజ్ఞులు తలక్రిందులుగా పట్టుకొందురు గనుక దీనినే ఎడమ సుడి అందురు!) అమెరికా తీరమున మాత్రము సహజముగనే ఇట్లు తిరుగు వేరొక నత్త కలదు. అంగళ్ళలో దక్షిణావర్తమను పేర అమ్మునది తరచుగా దాని చిప్పయే. నిజమైన శంఖమునకు లోపలి స్తంభముపై మూడు నాలుగు మడతలుండును; దానికి ఉండవు.

ఇట్టి సుడిచిప్పలు మనుష్యజాతి కంటె ఎంతో ప్రాచీనములు. రాజమహేంద్రవరము చెంత కాతేరు, గోదావరికి ఆవల పంగిడి, దుద్దుకూరు ప్రాంతములలో నల్లరాతి పొరలనంటియున్న సున్నపురాతిలో సముద్రపు గవ్వలు, ఆలిచిప్పలు శిలలై యున్నవి. మరమేకు వలె సన్నగా మెలితిరిగిన నత్తలును వానిలో కలవు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట, దక్కను నేలపై లావా ప్రవహించిన కాలమున, సముద్రము అంతవరకు వచ్చియుండెను.

గండకీ నదిలో లభించు శాలగ్రామ చక్రమును నత్త యని కొందరు పొరబడుదురు. అది అమ్మోనైట్ అను ప్రాణి శిలాజము. నత్తకంటె ఆక్టోపస్, నాటిలస్‌లకు దగ్గరి చుట్టము. హిమాలయము లేవకముందు అచట నున్న సముద్రపు అడుగు బురదలో అది శిలయైనది. వజ్రకీటము తొలిచిన చక్రములని పెద్దలు చెప్పుదురు. ఆ గదులను లోపలి ప్రాణియే కట్టుకొన్నదని నేటివారందురు. ఎట్లైనను, శాలగ్రామమునకు ప్రతిష్ఠ అక్కరలేదు.

ఆ దాత నొచ్చుకొనలేదు. తూత్తుకుడి నుండి సామాన్యమైన వామావర్త శంఖమునొకదానిని తెప్పించి ఇచ్చిరి. మహాసంప్రోక్షణనాడు స్వామివారి తొలి అభిషేకము దానితోనే జరుగును.