అరకులోయ ప్రాంతంలో వృద్ధుల రాకపోకలు

తూర్పు కనుమలలోని అరకులోయ, పాడేరు పరిసర గిరిజన గ్రామాలలో వృద్ధులైన స్త్రీలు, పురుషులు ప్రయాణించే తీరులో కొన్ని ముఖ్యమైన తేడాలు ఉన్నాయి. పూర్వము విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. జిల్లా కేంద్రము పాడేరు.

నేపథ్యము

స్త్రీల ఆయుర్దాయము పురుషులకంటె ఎక్కువ. కాని వార్ధక్యంలో కీళ్ళనొప్పులు, నడకలో ఇబ్బంది కూడా స్త్రీలలోనే అధికము. భర్తకంటె వయసులో చిన్నవారగుట వలన భర్త మరణానంతరము ఒంటరిగా గడిపే కాలము ఎక్కువ. ఈ తరము స్త్రీలలో వాహనము నడపగలవారు అరుదు. అందువలన వారు నడక, బస్సు లేదా ఇతరుల సహాయముపై ఆధారపడవలసి వస్తుంది.

కొండ గ్రామాల పరిస్థితి

అరకులోయ సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్నది. కొండవాలులలోని అనేక గూడేలకు బస్సు రాదు. కాలిబాటన దిగి రోడ్డు చేరుకొని, అక్కడ బస్సు, ఆటో లేదా జీపు ఎక్కవలెను. మోటారు సైకిళ్ళు ఎక్కువగా పురుషులే నడుపుతారు. కట్టెలు, నీరు, వారపు సంతకు సరుకులు మోయుట ఎక్కువగా స్త్రీల పని. నడవలేని రోగులను డోలీలో రోడ్డు వరకు మోసుకొని వస్తారు. ఇందుకు బలమైన మనుషులు కావలెను. తోడులేని వృద్ధురాలికి ఇది కష్టము.

రాయితీలు

* ఆర్టీసీ బస్సులలో 60 ఏళ్ళు నిండినవారికి 25 శాతము రాయితీ కలదు.
* 2025 ఆగస్టు 15న ప్రారంభమైన 'స్త్రీ శక్తి' పథకము క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో రాష్ట్ర స్త్రీలకు ప్రయాణము ఉచితము.
* రైళ్ళలో 58 ఏళ్ళు నిండిన స్త్రీలకు 50 శాతము, 60 ఏళ్ళు నిండిన పురుషులకు 40 శాతము రాయితీ ఉండేది. దీనిని 2020 మార్చిలో నిలిపివేశారు.

ఈ విధంగా ఒకే బస్సులో వృద్ధ దంపతులు ప్రయాణిస్తే భార్యకు టికెట్టు ఉచితము, భర్త ముప్పాతిక చార్జీ చెల్లించవలెను. అయితే ఈ రాయితీ బస్సు ఆగే చోటునుండే ఉపయోగపడుతుంది. గూడెం నుండి రోడ్డు వరకు గల దూరము నడవలేని స్త్రీకి ఉచిత టికెట్టు వలన ప్రయోజనము స్వల్పము.

రోడ్ల నిర్మాణము

2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ 'అడవితల్లి బాట' కార్యక్రమమును ప్రారంభించాడు. గిరిజన గూడేలకు రోడ్లు వేయుట దీని ఉద్దేశము. పింఛను ఇంటివద్దనే అందుతున్నందున దానికోసం ప్రయాణము తప్పినది. ఆసుపత్రి, సంత, బంధువుల ఇళ్ళకు మాత్రము ప్రయాణము తప్పదు.

ఇవి కూడా చూడండి

* అరకులోయ
* పాడేరు
* డోలీ