బావి పూడ్చే ముందు ఒక్క లెక్క

రైతన్నలారా, ఎండిన మోటబావిని పూడ్చేద్దామనుకుంటున్నారా? 30 అడుగుల పొడవు, 30 వెడల్పు, 40 లోతు ఉంటే 36,000 ఘనపుటడుగుల మట్టి కావాలి. ట్రాక్టరు ట్రిప్పుకు 100 చొప్పున వేసుకున్నా 360 ట్రిప్పులు. పొరపొరగా దిమ్మిస కొట్టకపోతే వానలకు మళ్లీ కుంగుతుంది.

ఇంత మట్టినీ తాతల కాలంలో వడ్డెరలు గడ్డపారలతో తవ్వి, తట్టల్లో మోసి తీశారు. ఎడ్లు మోట లాగాయి. తర్వాత ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చాయి. బోర్లు లోతుకు దిగాక బావులు ఎండిపోయాయి.

పూడినదాన్ని తిరిగి తీసినోళ్లూ ఉన్నారు. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో చెత్తతో నిండిన పాత మెట్లబావిని బాగుచేసి 2022లో తెరిచారు. పట్నమోళ్లు ఖర్చు పెట్టి తీసుకుంటుంటే, మనం ఖర్చు పెట్టి పూడ్చుకుందామా? చుట్టూ గోడ కట్టి, వాననీళ్లను ఇంకుడు గుంతలో తేర్చి బావిలోకి వదలండి. పక్క బోరుకూ ఊట అందుతుంది.