పాకాల చెరువు కట్ట: చరిత్ర, భద్రత

కాకతీయ గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దిలో, జగదాల ముమ్మడి పాకాల చెరువును నిర్మించాడని శాసనాధారం తెలుపుతున్నది. సాగుకోసం కొండల నడుమ పోసిన ఈ మట్టికట్టే క్రమంగా వన్యప్రాణులకూ ఆధారమైంది; 1952లో పరిసరాల అడవి అభయారణ్యమైంది.

అయితే ఇటువంటి కట్టకు అడవి పెరుగుదలే ముప్పు కాగలదు. కట్టపై పెరిగిన చెట్టు చనిపోయి వేర్లు కుళ్ళితే, ఆ సందుల్లో నీరు ఊరి మట్టిని లోపలినుండే కోస్తుంది. జంతువుల బొరియలదీ ఇదే తీరు. మత్తడి పూడితే వరద కట్టమీదుగా పొర్లుతుంది. గండి పడితే దిగువ పొలాలు మునుగుతాయి. వేసవిలో వన్యప్రాణులకు నీరు కరవవుతుంది.

కనుక కట్టపై చెట్లను మొక్కలుగా ఉన్నప్పుడే తొలగించడం, బొరియలు పూడ్చడం, మత్తడిని శుభ్రపరచడం అభయారణ్యానికి హాని కావు. దాని నీటిని నిలిపే పనులు.