ఒక్క యంత్రము, మూడు నాలుగు విరామములు

మాసూళ్లు ముగిసి, ధాన్యము గాదెలకెక్కి, రైతుకును కూలికిని ఒకింత తీరిక చిక్కిన మాఘ ఫాల్గుణములలో, ఊరిచివరి బీటిలో వెదురుగుంజలు, తాటాకు చాపలు, మాసికలు వేసిన డేరాగుడ్డ, చమురు ఇంజను, వీనితోపాటు ఒకే యొక్క ప్రొజెక్టరు ఎడ్లబండ్లమీద వచ్చి దిగినవన్న వార్త ఇంటింటికి ప్రాకినప్పుడు మా కోస్తాపల్లెలలో కలిగెడి సంతోషము, విద్యుద్దీపమే యెరుగని యా దినములలో, సంక్రాంతి వెళ్లిన పిమ్మట వచ్చిన రెండవ సంక్రాంతి వంటిది. నేనును ఆ నేలమీద కూర్చుండి బొమ్మ చూచినవాడనే గనుక, ఊరూర తిరుగు డేరా సినిమాయగు టూరింగు టాకీసును గూర్చి వ్రాయునపుడు చరిత్రకారునకుండవలసిన నిర్లిప్తత నాకు అలవడుట దుర్ఘటము.

డేరాక్రింద రాత్రివేళ కూర్చుండు నలవాటును మన ప్రజలకు సినిమా నేర్పలేదు. తోలుబొమ్మలాటకై తెల్లవారుదాక మేల్కొనుటయు, 1885లో కడప మండలమున సురభి గ్రామములో వనారస కుటుంబమువారు నెలకొల్పిన నాటకసమాజము ఊరూర డేరాలువేసి యాడిన పౌరాణికములను చూచుటయు వారికి పరిపాటియే. ఆ త్రోవనే సినిమాయు వచ్చినది. తిరుచిరాపల్లి రైల్వే కార్యాలయములో చిన్న యుద్యోగియగు స్వామికన్ను విన్సెంటు 1905లో డ్యూపాంట్ అను ఫ్రెంచివానియొద్ద ప్రదర్శనయంత్రమును చిత్రములను కొని, కొలువు విడిచి, దక్షిణదేశమున డేరాతో సంచరించెను. బందరులో 1869లో జన్మించి మదరాసున ఛాయాగ్రాహకుడుగ పేరువడసిన మన రఘుపతి వెంకయ్య, బొమ్మతోపాటు గ్రామఫోను పలకను తిప్పి శబ్దము వినిపించు క్రోనోమెగాఫోనును 1910 ప్రాంతమున పెద్ద మొత్తము వెచ్చించి తెప్పించి, బెజవాడ మొదలుకొని సింహళ, బర్మా దేశములదాక కొనిపోయి చూపెను. 1921లో బెజవాడలో మారుతీ హాలు వెలసినను, పట్టణమునకు పోలేని పల్లెజనమునకు చిరకాలము సినిమా యనగా డేరాయే.

పగటివేళ బండికి ఇరుప్రక్కల తడికలు కట్టి, వానిపై వాల్‌పోస్టర్లంటించి, డప్పు మ్రోగించుచు, కరపత్రములు వెదజల్లుచు వీధులు తిరుగుదురు. సందెవేళ గుంజకు కట్టిన లౌడుస్పీకరులో ఘంటసాల వేంకటేశ్వరస్వామిపై పాడిన రికార్డు వినవచ్చినచో ఆట మొదలగుచున్నదని గుర్తు; పొరుగూళ్లనుండి కాలినడకన వచ్చువారు ఆ పాట చెవినిబడగానే పొలముగట్ల వెంబడి పరుగులు తీయుదురు. నేల, బెంచీ, కుర్చీ యని మూడే తరగతులు. ఆడవారికిని మగవారికిని నడుమ ఒక గుడ్డతెర. నేల టిక్కెట్టువాడు ముందువాని తల అడ్డమైనచో ఇసుక ప్రోగుచేసికొని దానిపై కూర్చుండును. వానివెనుకవాడు అంతకంటె ఎత్తుగ ప్రోగు చేసికొనును. ఇట్లు వరుసవరుస లేచి, తుదకు గేటుమనిషి కేకలు వేయుచు వచ్చి ప్రోగులన్నిటిని కాలితో చదునుచేసి పోవును. ఊరిలో వాడకొక హద్దుండిన కాలమున, నేల టిక్కెట్టు కొన్నవారెల్లరు ఒకే యిసుకపై కూర్చుండిరనుట చిన్న విషయము కాదు.

ఇక యంత్రము. నాటి నైట్రేటు ఫిల్ము నిప్పు సోకిన భగ్గున మండునది గనుక, యంత్రమును రేకులగదిలో ఉంచి, చెంత ఇసుకబొక్కెనలు పెట్టెడివారు. రెండు కార్బను కడ్డీల కొనలను ఇంచుమించు తాకునట్లు నిలిపి వాని నడుమ విద్యుత్తును ప్రసరింపజేయగా పుట్టిన తెల్లని జ్వాలయే తెరమీది వెలుగు. కడ్డీలు కాలి తరిగినకొలది ఎడము పెరుగును. ఆపరేటరు రంగుటద్దములోనుండి కనిపెట్టుచు, చేతిమరతో వానిని దగ్గరకు జరుపుచుండవలెను. క్షణమాత్రము ఏమరినను కథానాయకుని ముఖము మసకబారును, నేలమీదినుండి ఈలలు లేచును. రెండువేల అడుగుల రీలు ఇంచుమించు 22 నిమిషములకు ముగియును. పట్టణపు హాలులో రెండవ యంత్రము సిద్ధముగనుండి, మొదటిది ఆగుటకు మునుపే కథ నందుకొనును. డేరాలో, రీళ్లను జతలుగ అతికి నడిపినను, మూడు గంటల చిత్రమునకు మూడు నాలుగు మారులు ఆట నాపి, దీపము వెలిగించి, రీలు మార్చక తప్పదు.

ఈ లేమియే డేరాకు ప్రాణమైనదని నా దృఢవిశ్వాసము. దీపము వెలుగగానే గోలీసోడాలవాడు కీచుమని కాయ కొట్టుచు, వేయించిన బఠాణీలవాడు కాగితపు పొట్లములు చాచుచు, జంతికల గంప నెత్తినబెట్టుకొని యొక అవ్వ, కూర్చున్నవారి నడుమ దారి చేసికొనుచు వచ్చెదరు. అంతవరకు చూచిన కథను తాతలు మనుమలకు మరల చెప్పుదురు. రాబోవు కథను నిన్ననే చూచినవాడు ముందే చెప్పివేసి తిట్లు తినును. పెండ్లి సంబంధముల మాటలు, అప్పుల మాటలు, నీటివంతుల మాటలు అక్కడనే సాగును. ఆగకుండ నడచు చిత్రమును మనుష్యుడు ఒంటిగ చూచును. ఆగి ఆగి నడచు చిత్రమును ఊరంతయు కలసి చూచును.

ఈ భేదమునకు దృష్టాంతముగ, అమెరికాలో రిచర్డు హాలింగ్స్‌హెడ్ అనునతడు 1933 జూన్ 6న న్యూజెర్సీ రాష్ట్రమున కామ్డెను చెంత తెరచిన డ్రైవ్-ఇన్ థియేటరు సైతము ఆకాశముక్రింది ప్రదర్శనశాలయే. 1958 నాటికి ఆ దేశమున నాలుగువేలకు పైగ అట్టివి వెలసెను. అచ్చట కుటుంబము తన కారులో, తన అద్దముల వెనుక కూర్చుండి చూచినది. కిటికీకి తగిలించిన చిన్న స్పీకరు వారికొరకే పలికినది. ఆ యేకాంతమునకు తగిన మాధుర్యము దానికుండును గాక, డేరాలో పెరిగినవాడనగుట నా మనస్సు ఇసుకనేల వైపే మొగ్గును.

పల్లెలకు కరెంటు వచ్చినది. రెండు యంత్రముల పక్కా హాళ్లు లేచినవి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసి, కొంతకాలమునకు పంచాయతీ ఆఫీసులోనికి టీవీయు, పిమ్మట అద్దె వీడియోయు చేరినవి. డేరా యజమానులు గుంజలు అమ్ముకొనిరి. వెంకయ్య పేరిట రాష్ట్రప్రభుత్వము 1980లో స్థాపించిన పురస్కారము చిత్రసీమకు జీవితకాల సేవచేసిన ప్రముఖులకై యేర్పరచినది, అది ఎంతయు ఉచితమే. కాని రేకులగదిలో వేడికి చెమటలు గ్రక్కుచు కార్బను కడ్డీలు జరిపిన ఆపరేటరులు, ఇంజనుకు చమురుపోసినవారు, పోస్టరుబండి తోలినవారు ఇప్పుడు మిక్కిలి వృద్ధులు. ఏ యూరిలో ఎవరు మిగిలియున్నను, వారి యొద్ద కూర్చుండి, వారు చెప్పునదంతయు వ్రాసిపెట్టవలసిన పని ఈ యేడే మొదలుపెట్టవలెను.