పదవి పోయిన మర్నాడు ఏం చేస్తారు? చర్చిల్ కుంచె, రూజ్‌వెల్ట్ స్టాంపులు, మన పీవీ కంప్యూటర్

ఈరోజు ఎపిసోడ్ ఒక పర్సనల్ విషయంతో మొదలుపెడతా. రెండేళ్ల క్రితం నేను పనిచేసే కంపెనీలో ఒక మంగళవారం మధ్యాహ్నం పావుగంట కాల్ పెట్టారు. కాల్ అయ్యేసరికి నా ఉద్యోగం లేదు. సాయంత్రానికి లాప్‌టాప్ కూడా తిరిగిచ్చేశా. ఆ రాత్రి రూమ్‌లో కూర్చుంటే ఒక విషయం అర్థమైంది. ఆఫీసు పని తీసేస్తే నా చేతికి వచ్చిన పని ఇంకొకటి లేదు, ఫోన్ స్క్రోల్ చేయడం తప్ప. మొదటి నెలంతా అదే చేశా.

సరే, నా సంగతి పక్కన పెడదాం. నాలాంటి వాడి ఉద్యోగం పోతే నలుగురికి తెలుస్తుంది. దేశాల్ని నడిపేవాళ్ల పదవి పోతే లోకమంతా చూస్తుంది. మరి వాళ్లు మర్నాడు పొద్దున్నే లేచి ఏం చేస్తారు? ఇది వెతుకుతూ వెళ్తే నాకు ముగ్గురు దొరికారు.

మొదటి మనిషి విన్‌స్టన్ చర్చిల్. 1915. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. బ్రిటన్ నౌకాదళ మంత్రి ఆయనే. టర్కీ దగ్గర డార్డనెల్స్ మీద దాడి చేయాలని గట్టిగా పట్టుబట్టారు, అది ఘోరంగా ఫెయిలైంది. ఆ మంత్రి పదవి ఊడింది. అప్పటికి ఆయన వయసు 40. ఆ వేసవిలో సరీ అనే ప్రాంతంలో ఒక పల్లెటూరి ఇంట్లో ఏం చేయాలో తోచక ఉన్నప్పుడు, తమ్ముడి భార్య బొమ్మలు వేస్తూ కనిపించింది. పిల్లల రంగుల పెట్టె తీసుకుని ఈయనా మొదలుపెట్టారు. అంతే, ఇక జీవితాంతం వదల్లేదు. మొత్తం 500కు పైగా పెయింటింగ్స్ వేశారు.

రెండో ప్రపంచ యుద్ధం నడిచినన్నాళ్లూ మాత్రం ఆయన వేసింది ఒక్కటే. 1943 జనవరిలో, మొరాకోలోని మరకేష్‌లో. ఆ బొమ్మని అమెరికా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌కి గిఫ్ట్‌గా ఇచ్చారు. చేతులు మారి మారి అది హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ దగ్గరికి చేరింది. 2021లో వేలం వేస్తే 80 లక్షల పౌండ్లకు పైగా పలికింది.

ఆ గిఫ్ట్ అందుకున్న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మన రెండో మనిషి. 1921లో, 39 ఏళ్ల వయసులో పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. ఆయన రాజకీయాలు అయిపోయినట్టే అనుకున్నారు చాలామంది. మంచం మీద ఉన్న ఆ రోజుల్లో ఆయనకి తోడైంది చిన్నప్పటి నుంచి ఉన్న స్టాంపుల సరదా. భూతద్దం, ఆల్బమ్, ఏ దేశం స్టాంపు ఎక్కడిది అని చూసుకుంటూ గంటలు గడిపేవారు. 1933లో ప్రెసిడెంట్ అయ్యాక కూడా మానలేదు. తపాలా శాఖ వేసే కొత్త స్టాంపులకు కొన్నిసార్లు డిజైన్ తనే గీసిచ్చారు.

ఇక్కడ ఒక నిమిషం ఆగుదాం. "చూశారా, మంచి హాబీ ఉంటే గొప్పవాళ్లవుతారు" అని చెప్పే వీడియో కాదిది. చర్చిల్ మరకేష్‌లో బొమ్మ వేసిన 1943లోనే మన బెంగాల్‌లో కరువు వచ్చింది. దాదాపు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ కరువు టైంలో ఆయన ప్రభుత్వం చేసినవి, చేయనివి ఇప్పటికీ మనకి మంటే. హిట్లర్ కూడా బొమ్మలు వేసినవాడే. కాబట్టి హాబీ మనిషికి మంచితనం నేర్పదు. అది చేసే పని వేరే. అదేంటో మూడో మనిషి దగ్గర నాకు బాగా అర్థమైంది.

ఆయన మనవాడే. పాములపర్తి వెంకట నరసింహారావు. 1921లో లక్నేపల్లిలో పుట్టారు, దత్తత వెళ్లి వంగరలో పెరిగారు. పీవీ అనగానే మనకి 1991, ఆర్థిక సంస్కరణలు గుర్తొస్తాయి. నేను చెప్పేది ఆయన రాత్రిపూట టేబుల్ దగ్గర చేసిన పనుల గురించి.

విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు' దాదాపు వెయ్యి పేజీల నవల. మనలో చాలామందికి తెలుగులో చదవడానికే ఓపిక లేదు, నాతో సహా. పీవీ దాన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు. హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవల ఒకదాన్ని 'అబల జీవితం' పేరుతో తెలుగులోకి తెచ్చారు. భాషలు నేర్చుకోవడం ఆయనకి సరదా. మనం వెబ్ సిరీస్ చూసినట్టు ఆయన వ్యాకరణం పుస్తకం పట్టుకునేవారు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన కథ. ఆయన జీవిత చరిత్ర 'హాఫ్ లయన్' రాసిన వినయ్ సీతాపతి చెప్పింది. 1980ల మధ్యలో రాజీవ్ గాంధీ ప్రధాని, పీవీ కేంద్ర మంత్రి. దేశంలోకి కంప్యూటర్లు తేవాలని రాజీవ్ ఎవరితోనో అంటూ, పార్టీలో పాతకాలం వాళ్లకి ఇవేం అర్థమవుతాయో అన్నట్టు మాట్లాడారట. పక్కనే ఉన్న పీవీ విన్నారు. ఏమీ అనలేదు. హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి కంప్యూటర్ పంపించమన్నారు. మొదట ఒక ట్యూటర్‌ని పెట్టుకున్నారు. తర్వాత మాన్యువల్స్ ముందేసుకుని తనే నేర్చుకున్నారు. బేసిక్, కోబాల్, ఆ పైన యూనిక్స్. వయసు అరవై దాటింది!

ఫ్రెండ్స్, నా ఫస్ట్ ప్రాజెక్ట్ కోబాల్ మెయింటెనెన్స్. నాకు అది పడిందని తెలిసిన రోజు క్యాంటీన్‌లో ఫ్రెండ్స్ అందరూ నన్ను ఓదార్చారు. జీతం ఇచ్చి చేయమంటే నేను ఏడ్చిన పనిని, కేంద్ర మంత్రి ఒకాయన సరదాగా నేర్చుకున్నాడు. ఇది చదివిన రోజు నిజంగా సిగ్గేసింది.

పదవులు ఆయనకి నిలకడగా ఉన్నాయా అంటే అదీ లేదు. 1971లో ముఖ్యమంత్రి అయ్యారు. భూసంస్కరణలు, జై ఆంధ్ర ఉద్యమం, 1973 జనవరికల్లా కుర్చీ పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. 1991 ఎన్నికల్లో లోక్‌సభకి పోటీ కూడా చేయలేదు. పుస్తకాలు సర్దుకుని హైదరాబాద్ వచ్చేద్దామనుకున్న మనిషి, మే నెలలో రాజీవ్ హత్య జరిగాక, జూన్ 21న ప్రధాని అయ్యారు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేత. ఆ మచ్చ ఆయన్ని వదల్లేదు, వదలాలని నేనూ అనను. 1996లో ఓడిపోయారు. పార్టీ దూరం పెట్టింది. కోర్టు కేసులు చుట్టుముట్టాయి. 2000లో ఒక కేసులో శిక్ష పడింది, 2002లో హైకోర్టు కొట్టేసింది.

ఇంటికి వచ్చేవాళ్లు తగ్గిపోయిన ఆ రోజుల్లో ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నారు. 1998లో 'ది ఇన్‌సైడర్' నవల వచ్చింది. తెలుగులో 'లోపలి మనిషి'. అయోధ్య మీద కూడా ఒక పుస్తకం రాసిపెట్టారు. 2004 డిసెంబర్ 23న చనిపోయారు, ఆ పుస్తకం 2006లో అచ్చయింది. 2024లో భారతరత్న ప్రకటించారు. అది చూడ్డానికి ఆయన లేరు.

ఆ నవలలో, ఆ పుస్తకంలో ఆయన చెప్పినదంతా ఒప్పుకోవాలని కాదు. ఆయన వైపు వాదన ఆయన రాసుకున్నారు, మనం ప్రశ్నించొచ్చు. కానీ పదవి ఇచ్చినవాళ్లు పదవి తీసేసుకున్నారు. భాషలు, రాత, కీబోర్డు మీద అలవాటైన వేళ్లు మాత్రం ఎవరూ ఇచ్చినవి కావు, అందుకే ఎవరూ తీసుకోలేకపోయారు. అదీ నాకు అర్థమైంది.

నా ఉద్యోగం పోయిన రెండో నెలలో, స్క్రోల్ చేస్తూ చేస్తూ విసుగొచ్చి, చరిత్ర పుస్తకాలు చదివి నోట్స్ రాయడం మొదలుపెట్టా. మీరు చూస్తున్న ఈ ఛానల్ అలా వచ్చిందే. రేపు వ్యూస్ పడిపోయి ఛానల్ కూడా పోవచ్చు. ఆ నోట్‌బుక్ మాత్రం నా దగ్గరే ఉంటుంది.

ఈ రాత్రి ఫోన్ పక్కన పెట్టాక ఒకసారి ఆలోచించండి. మీ ఐడీ కార్డు, మీ జీతం, మీ కాలేజీ పేరు తీసేస్తే మీ చేతిలో ఏం ఉంటుంది? ఏమీ లేదనిపిస్తే కంగారు పడకండి. పీవీ కంప్యూటర్ ఆన్ చేసింది అరవై దాటాక. మనకి చాలా టైం ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.